ఆరిళ్లకు ఒకే చూరు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి లొరేన్ అక్‌రాయిడ్ తన వ్యాన్‌ని ప్రాస్పెక్ట్ టెరేస్‌లో తొమ్మిదో నంబరు ఇంటి ముందు ఆపింది. వెనక తలుపులు తీసి, చెక్కపలక వాల్చి, మూడు మోటార్ల వాక్యూమ్ మిషన్ని మెల్లగా రోడ్డు మీదికి దింపింది. మిషను కొని ఇరవై రెండు రోజులైంది. కార్పెట్ల మిల్లు మూసేసినప్పుడు చేతికి వచ్చిన డబ్బంతా దాని పొట్టలోకే పోయింది. అందుకే దింపేటప్పుడల్లా తన మోకాలు అడ్డం పెట్టేది. మోకాలు వాచినా పరవాలేదు గాని మిషనుకు సొట్ట పడకూడదు.

హాలిఫాక్స్‌లో వాన లేదంటే ఇంకాసేపట్లో వస్తుందని అర్థం. ఆ రోజు మాత్రం ఆకాశం మర్యాదగా ఉంది. లొరేన్ నాలుగడుగుల గొట్టాలు ఆరింటిని ఒకదాన్లో ఒకటి దూర్చి, ప్రతి అతుకునీ అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి బిగించింది. చివర కొక్కెంలా వంగిన మూతి, ఆ మూతి పక్కన బొటనవేలంత కెమెరా. పైన ఏముందో చూడ్డానికి మణికట్టుకు కట్టుకున్న చిన్న తెర. నిచ్చెన ఎక్కక్కర్లేదు, నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు. నేల మీద నిలబడి, కప్పు అంచున వాన నీళ్లు పట్టే చూరుకాలువలోని నాచునీ బురదనీ పీల్చి పారేయొచ్చు. ఇది విన్నప్పుడు ఆమె మరిది క్లైవ్, ఇరవై ఏళ్లుగా నిచ్చెన మోసుకుని కిటికీలు తుడిచేవాడు, "ఇల్లూడ్చే మిషనుకి ఏనుగు తొండం పెట్టావన్నమాట వదినా" అన్నాడు. లొరేన్ నవ్వలేదు. ఆ తొండం మీదే తన యాభయ్యో ఏడు నిలబడి ఉంది మరి.

ఈ పని ఇచ్చింది గ్యావిన్ అనే అద్దె ఏజెంటు. ఇళ్ల యజమానులు ఎక్కడో ఎండ ఉన్న చోట ఉంటారు; అద్దె వసూలు చేయడం, ఫిర్యాదులు వినడం, విన్నట్టు నటించడం గ్యావిన్ పని. ఫోన్‌లో తేనె కారేలా మాట్లాడాడు.

"తొమ్మిది ఒక్కటే చెయ్యండి లొరేన్ గారూ. చెయ్యకముందు ఫొటో అక్కర్లేదు, చేశాక తీసింది చాలు. పని నచ్చితే నా చేతిలో నలభై రెండిళ్లున్నాయి. ఏడాదికి రెండుసార్లు."

నలభై రెండిళ్లు, రెండుసార్లు. అంటే ఇక కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరగనక్కర్లేదు, బస్సు నడిపే మొగుడు ఆదివారాలు అదనంగా పనిచెయ్యక్కర్లేదు. లొరేన్ మోటార్ల రొద వినపడకుండా చెవులకు డిప్పలు తగిలించుకుని మూడు మోటార్లూ ఒకదాని తర్వాత ఒకటి వేసింది. వీధి వీధంతా గర్జించింది. ఏడో నంబరు పిల్లి కిటికీలోంచి మాయమైపోయింది.

పైకెత్తిన గొట్టం బరువు భుజాల్లోకి కాదు, తుంటిలోకి రావాలి. అది ఆమె మొదటి వారంలో నేర్చుకుంది. తెరలో చూరుకాలువ కనిపించింది: ఈ వరస ఇళ్లకి వందేళ్ల కిందట వేసిన చెక్క కాలువ, గోడలోంచి ముందుకొచ్చిన రాతి మోచేతుల మీద ఆనుకుని ఉంది. లోపల నల్లటి నీళ్లు, అడుగున బురద, కప్పు మీంచి జారిన నాచుముద్దలు. గొట్టం గుటకలు వేస్తూ మింగింది. డ్రమ్ములో ధబ్ ధబ్‌మని ముద్దలు పడుతున్న అదురు కాళ్లకు తెలిసింది. ఆ అదురు తగిలితే ఆమెకు ఆకలి తీరినట్టుండేది.

పని సగంలో ఉండగా ఇంట్లోంచి ఒకావిడ బయటికి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి, మెడలో కొలత టేపు, చున్నీకి గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. కుడివైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పింది. లొరేన్ ఆమె వంక చూసి నవ్వి, బొటనవేలు పైకెత్తింది. ఆవిడ ఒక్క క్షణం నిలబడి, తృప్తిపడినట్టు తలూపి లోపలికి వెళ్లిపోయింది.

ఒక్క విషయమే విసిగించింది. ఎంత పీల్చినా కుడివైపునుంచి సన్నగా నీళ్లు మళ్లీ వచ్చి చేరుతున్నాయి. మొన్నటి వాన తాలూకు మిగులు కాబోలు అనుకుంది. మూడోసారి పీల్చి, కాలువ ఖాళీగా కనిపించిన క్షణంలో టక్కున ఫొటో తీసేసింది. అద్దంలా ఉంది కాలువ. "కాలువ పూర్తిగా శుభ్రం" అని ఒక్క ముక్క రిపోర్టు రాసి, ఫొటోతో కలిపి అక్కడినుంచే గ్యావిన్‌కు పంపింది. రెండు నిమిషాల్లో జవాబు: "అద్భుతం. శుక్రవారం తర్వాత మాట్లాడుకుందాం."

*

ఆ రాత్రి వాన మొదలైంది. బుధవారం ఎనిమిదిన్నరకి, వ్యాన్ మీద రాసిన నంబరు చూసి ఎవరో ఫోన్ చేశారు.

"తొమ్మిదో నంబరునుంచి తస్నీమ్‌నండీ. నిన్న మీరు వచ్చారు కదా. ఒక్కసారి లోపలికి వచ్చి చూడగలరా?"

గొంతులో కోపం లేదు. కోపముంటే లొరేన్ వెళ్లేది కాదేమో. వెళ్లింది.

మేడ మీద వీధి వైపు గదిలో కుట్టుమిషను, చుట్టూ వేలాడదీసిన కోట్లు, ప్యాంట్లు, ఒక పెళ్లిగౌను. తస్నీమ్ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైనవి వదులు చేయడం. గోడ పైనుంచి కిందిదాకా తడిసి ఉంది. మూల నల్లగా బూజు. పెళ్లిగౌనును గోడకి ఆరడుగుల దూరంలో, గదికి నట్టనడుమ, దండెం కట్టి వేలాడదీసింది.

"పాప మంచం ఇక్కడే ఉండేది. దగ్గు పట్టుకుంటే కిందికి మార్చాం," అంది తస్నీమ్. "ఇది చదవండి."

అది నిన్న సాయంత్రం తలుపు సందులోంచి వేసిపోయిన గ్యావిన్ ఆఫీసు ఉత్తరం. చూరుకాలువను నిపుణులతో పరీక్ష చేయించామనీ, అది పూర్తిగా శుభ్రంగా ఉందనీ, ఫొటో జతచేశామనీ రాసి ఉంది. కనుక చెమ్మకు కారణం అద్దెకున్నవారి జీవన విధానమే: తడిబట్టలు లోపల ఆరవేయడం, ఎడతెగని వంట, ఇస్త్రీ ఆవిరి. శుక్రవారం ఊరి కౌన్సిల్ ఆఫీసరు వచ్చి చూస్తారు. వారు కూడా ఇదే తేల్చితే గోడ బాగుచేయించే ఖర్చు అద్దెకున్నవారిదే, ఒప్పందం కూడా పొడిగించబడదు.

అడుగున లొరేన్ తీసిన ఫొటో. అద్దంలాంటి కాలువ. దాని కింద ఆమె పేరు, ఆమె కంపెనీ పేరు, ఆమె ఫోన్ నంబరు. తన పేరు మొదటిసారి అచ్చులో చూసుకోవడం ఇలాగా అనుకుంది లొరేన్.

"నేను నిన్న బయటికి వచ్చి చెప్పాను కదండీ," అంది తస్నీమ్.

"ఏం చెప్పారు?"

"నీళ్లు మా నెత్తి మీంచి కాదు, పదకొండో నంబరు వైపునుంచి వస్తున్నాయి, అటు కూడా ఓసారి చూడండి అని. మీరు వేలెత్తి సరేనన్నారు."

"చెవులకి డిప్పలున్నాయమ్మా. నాకేం వినపడలేదు."

"మరి వేలెందుకెత్తారు?"

ఎందుకెత్తింది? ఎవరైనా కనిపిస్తే నవ్వి వేలెత్తేయడం ఈ ఊరి అలవాటు. వినిపించిందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఈ గడ్డ మీద సగం సంభాషణలు అలాగే నడుస్తాయి.

ఆమె వానలోనే గొట్టం బిగించింది. మోటార్లు వెయ్యలేదు, కెమెరా మాత్రం పైకెత్తింది. నిన్న అద్దంలా ఉన్న కాలువ అంచుదాకా నీళ్లతో నిండి ఉంది. గోడ వైపు చెక్క అతుకు దగ్గర చిన్న నెర్రె. నీళ్లు అందులోంచి గోడ వెనక్కి జారిపోతున్నాయి. కెమెరాను కుడివైపు తిప్పితే పదకొండో నంబరు హద్దుదాకా ఒకటే నీటిమడుగు. వీధికి ఈ పక్కన అన్నీ బేసి నంబర్లే, ఒకటినుంచి పదకొండుదాకా ఆరిళ్లు; ఆ ఆరిళ్ల కప్పులకీ కలిపి ఒకటే కాలువ, అందులోని నీళ్లు కిందికి దింపడానికి ఒకటే దిగుడు గొట్టం, అది ఉన్నది పదకొండో నంబరు చివర. అక్కడ ఏదో అడ్డం పడింది. ఒకటో నంబరు దగ్గర పడ్డ చినుకు కూడా వెనక్కి తన్ని ఈవిడ గోడలోకే దిగుతోంది. నిన్న కుడివైపునుంచి మళ్లీ మళ్లీ వచ్చిన నీళ్లు ఇవే. ఆమె చూసింది. చూసి, అవి లేని ఒక్క క్షణం వెతుక్కుని ఫొటో తీసింది.

గ్యావిన్‌కు ఫోన్ చేసింది.

"మిమ్మల్ని చెయ్యమన్నది తొమ్మిది. తొమ్మిదో నంబరు కాలువ మీరు శుభ్రం చేశారా లేదా?" అన్నాడు అతను ఓపిగ్గా.

"చేశాను. కాని..."

"ఫొటో మీరు తీసిందే కదా?"

"నేనే తీశాను."

"అయితే ఇంక బాధేముంది? పదకొండో నంబరు మాది కాదు. మీకు జీతమివ్వని ఇంటి గురించి మీరెందుకు ఆలోచిస్తారు? ఆ నలభై రెండిళ్ల గురించి ఆలోచించండి లొరేన్ గారూ. వ్యాపారం కొత్త. ఇచ్చిన రిపోర్టు తప్పని మీరే అంటే, రేపు మిమ్మల్ని ఎవరు పిలుస్తారు?"

అతను బెదిరించలేదు. నిజంగానే సలహా ఇస్తున్నట్టు అన్నాడు. లొరేన్‌కు అదే ఎక్కువ మండింది.

పదకొండో నంబరు తలుపు తట్టింది. ఎనభై దగ్గర పడ్డ బారక్లఫ్ తీశాడు. ఒకప్పుడు వడ్రంగి. ఇంట్లో ఒక్కడే ఉన్నా టై కట్టుకుని ఉన్నాడు. లొరేన్ చూరుకాలువ అని మొదలెట్టగానే ఆయన మొహం తలుపు కంటే ముందు మూసుకుపోయింది.

"నా కప్పు మీద ఎవరి గొట్టమూ అక్కర్లేదు."

"ఊరికే చేసిపెడతానండీ. డబ్బులొద్దు."

"డబ్బు సంగతి కాదు. అక్కడేముందో నాకు తెలుసు. నువ్వొచ్చి చెప్పక్కర్లేదు," అన్నాడు. తర్వాత, మర్యాదకి లోటు రాకుండా, "వానలో తడిసిపోతున్నావు, ఇంటికెళ్లు తల్లీ," అని తలుపు వేసేశాడు.

*

గురువారం సాయంత్రం క్లైవ్ టీకి వచ్చాడు. లొరేన్ బల్ల మీద కాగితం పరుచుకుని ఏదో రాస్తోంది, కొట్టేస్తోంది. సంగతంతా విన్నాక అతను బిస్కెట్టు టీలో ముంచి, విరిగి పడకుండా నోట్లో పెట్టుకుని, నింపాదిగా అన్నాడు:

"పదకొండో నంబరు దగ్గర పొర్లుతుందని నాకు ఏడేళ్లుగా తెలుసు వదినా."

లొరేన్ కలం ఆపింది.

"ఆ వరసలో నాలుగిళ్ల కిటికీలు నావే కదా. నిచ్చెన మీదినుంచి చూస్తూనే ఉంటాను. వాన రోజున ఆ మూల చిన్న జలపాతం."

"ఎవరికీ చెప్పలేదా?"

"నేను కిటికీలవాణ్ని, కాలువలవాణ్ని కాదుగా. అయినా ఏడో నంబరావిడకి తెలుసు. ఐదో నంబరు వాళ్లకీ తెలుసు, ఒకసారి వాళ్లే అన్నారు, ముసలాయన్ని ఎలా అడుగుతాం, నొచ్చుకుంటాడేమో అని."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ప్రాస్పెక్ట్ టెరేస్‌లో అడగడమే అమర్యాద. పదకొండేళ్లు గోడకి గోడ ఆనుకుని బతికినా పక్కింటాయన ఇంటిపేరు తప్ప తెలియని మనుషులు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, అందరూ ఉదయాన్నే ఒకరికొకరు శుభోదయం చెప్పుకునేవాళ్లే. తిలాపాపం తలా పిడికెడు. తడిసేది మాత్రం ఒకే గోడ.

"సరే, ఇప్పుడేం రాస్తున్నావు?" అన్నాడు క్లైవ్.

"నా రిపోర్టు తప్పని."

"నీకేమైనా మతిపోయిందా? నీ చేత్తో నువ్వే రాసిస్తావా? నలభై రెండిళ్లు వదినా. నోటిదాకా వచ్చిన ముద్ద."

"ముద్ద నోట్లో పెట్టుకున్నాక దిగాలి కదా క్లైవ్."

అతను ఇంకో బిస్కెట్టు తీసుకుని ఆమె వంక చూశాడు. ఈమె తన అన్నని పెళ్లాడిన రోజునుంచీ చూస్తున్నాడు, పట్టిందంటే వదలదు. మిల్లులో మగ్గం ఆగిపోతే మెకానిక్కు కోసం కూర్చోకుండా తనే కింద దూరేది. ఇప్పుడూ అదే మొహం.

"అయితే 'శుభ్రంగానే ఉంది కాని' అని మొదలెట్టకు," అన్నాడు చివరికి. "కాని అంటే ఆ ముందుదే వింటారు."

లొరేన్ ఆ వాక్యం కొట్టేసి కొత్త కాగితం తీసుకుంది.

*

శుక్రవారం పదకొండు గంటలకి వాన పడుతూనే ఉంది. తస్నీమ్ గదిలో నలుగురు నిలబడితే పెళ్లిగౌనుకి తగలకుండా ఒదగాల్సి వచ్చింది. కౌన్సిల్ ఆఫీసరు పొట్టి జుట్టున్న పెద్దావిడ. గోడకి చెమ్మ కొలిచే మీటరు ఆనించి, అంకె చూసి, మళ్లీ ఇంకోచోట ఆనించింది. గ్యావిన్ ఫైలు తెరిచి పట్టుకున్నాడు. చక్కగా దువ్విన తల మీద ఒక్క చినుకు లేదు. లొరేన్‌ని చూసి కొంచెం ఆశ్చర్యపడ్డాడు.

"ఇస్త్రీ ఆవిరి గమనించండి మేడమ్," అన్నాడు. "రోజంతా నడుస్తుంది. చూరుకాలువలో తప్పేమీ లేదు. ఇదిగో ఫొటో. తీసిన మనిషి ఇక్కడే ఉన్నారు."

ఆఫీసరు లొరేన్ వైపు తిరిగింది. లొరేన్ జేబులోంచి కాగితం తీసి చదివింది. మిల్లు యూనియన్ మీటింగుల్లో కూడా ఆమె ఎప్పుడూ గట్టిగా చదివి ఎరగదు.

"మంగళవారం నేనిచ్చిన ఫొటో తప్పుదారి పట్టించేది. పక్కనుంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి. అవి కనిపించని క్షణం చూసి ఫొటో తీశాను. ఇంటావిడ చెప్పింది కూడా నేను వినలేదు. బుధవారం వానలో చూస్తే కాలువ నిండి, నీళ్లు ఈ గోడలోకి దిగుతున్నాయి. అడ్డం పదకొండో నంబరు చివర ఉంది. నా మొదటి రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నాను."

చదివి, సంతకం కనిపించేలా కాగితం ఆవిడ చేతికిచ్చింది.

"పదకొండో నంబరు చివర అడ్డం ఉందని చూశారా?" అంది ఆఫీసరు.

"చూళ్లేదండి. ఆయన ఒప్పుకోలేదు."

"అంటే ఉందని అనుకుంటున్నారు."

"అవును. అనుకుంటున్నాను."

ఆఫీసరు కలం దించేసింది. ఆవిడ మొహంలో దయ ఉంది. కాని ఫారంలో దయకి గడి లేదు. గ్యావిన్ గొంతు సవరించుకున్నాడు.

"ఒకే మనిషి మంగళవారం ఒకటి రాసిచ్చి, శుక్రవారం ఇంకొకటి రాసిస్తే దేన్ని నమ్మమంటారు?" అన్నాడు.

తస్నీమ్ మెడలోంచి కొలత టేపు తీసి మిషను మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది. వీధి తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని ఆమె వెనక దిగారు.

ఆమె వానలో నిలబడి పదకొండో నంబరు తలుపు తట్టింది. రోజంతా ఇంట్లో ఉండేది వరస మొత్తంలో తనొక్కతే కావడంతో, బారక్లఫ్ ఆసుపత్రికి వెళ్లిన రోజుల్లో ఆయన పార్శిళ్లు కూడా ఆమె దగ్గరే దింపిపోతారు. ఎన్నోసార్లు ఈ తలుపు తట్టి ఇచ్చింది. ప్రతిసారీ ఆయన "ధన్యవాదాలు" అనడం, ఆమె "పరవాలేదండీ" అనడం. రెండు చలికాలాల స్నేహం అంతే.

బారక్లఫ్ తలుపు తీసి ముందు ఆమె చేతుల వంక చూశాడు.

"పార్శిల్ లేదండీ," అంది తస్నీమ్. "ఒక మాట అడగడానికి వచ్చాను. మీ చూరునుంచి వచ్చే నీళ్లతో మా గోడ తడుస్తోందని మీకు తెలుసా?"

ఆయన ఆమె భుజం మీదుగా ఆఫీసరుని, గ్యావిన్‌ని, లొరేన్‌ని చూశాడు. టై ముడి సర్దుకున్నాడు. అబద్ధం చెప్పడానికి కావలసినంత టైము ఉంది. ఆయన వాడుకోలేదు.

"తెలుసు."

"ఎన్నాళ్లుగా?"

"మీ ముందు పోలండు దంపతులున్నారు. వాళ్లకంటే ముందు సూజన్ అనే అమ్మాయి, చంటిదానితో. అప్పట్నుంచే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదమ్మా."

తస్నీమ్ ఒక అడుగు కూడా వెనక్కి వేయలేదు.

"నేను అడుగుతున్నాను," అంది.

బారక్లఫ్ చెప్పులు కూడా వేసుకోకుండా, ఉన్ని మేజోళ్లతోనే గుమ్మం దిగి తడిరాళ్ల మీదికి వచ్చాడు. తలెత్తి తన చూరు వంక చూసి, లొరేన్‌తో అన్నాడు:

"ఎత్తు నీ గొట్టం."

లొరేన్ గొట్టాలు దూర్చింది, అతుకులు కొట్టింది, మిషన్ని పదకొండో నంబరు ముందుకి తోసింది. ఈసారి మోటార్లు వెయ్యకముందు కెమెరా పైకెత్తి, మణికట్టు తెరను ఆఫీసరు కళ్ల ముందు పెట్టింది. దిగుడు గొట్టం నోరు కనిపించడం లేదు. దాని మీద నాచు, కప్పు మీంచి జారిన పలకముక్కలు, మట్టి కలిసి ఒక దిబ్బ. దిబ్బ మీద బెత్తెడు గడ్డి మొలిచి ఉంది. పక్కన చెక్క కుళ్లి పొరలు పొరలుగా లేచిపోయింది.

"నన్ను చూడనివ్వు," అన్నాడు బారక్లఫ్. తెర మీదికి వంగి, కళ్లు చిట్లించి చూశాడు. "ఆ మూల చెక్క నేను వేసిందే. నలభై ఏళ్ల కింద. అప్పట్లో నీళ్లు కాదు గదా, గాలి కూడా దూరేది కాదు." తెర మీంచి తలెత్తి, "నిచ్చెన మీంచి పడ్డాక ఎక్కలేకపోయాను. ఎవడినైనా పిలిస్తే మొత్తం మార్చాలంటాడు. అంత ఎక్కణ్నుంచి తేను? చూడకుండా ఉంటే సరిపోతుందనుకున్నాను," అన్నాడు.

లొరేన్ మోటార్లు వేసింది. గడ్డి ముందు కదిలింది, తర్వాత వేళ్లతో సహా లేచింది. పలకముక్కలు గొట్టంలో గలగలలాడుతూ దిగాయి. ఒకచోట ముద్ద మూతికి అడ్డం పడితే ఆమె తుంటితో గొట్టాన్ని అటూ ఇటూ కుదిపి, చిన్నగా పొడిచి, మళ్లీ పీల్చింది. చేతులు నొప్పి పుట్టాయి. వదల్లేదు. నలభై నిమిషాలు పట్టింది. ఆఫీసరు గొడుగు కింద అక్కడే నిలబడింది. గ్యావిన్ రెండుసార్లు గడియారం చూసుకుని కారులో కూర్చున్నాడు.

ఉన్నట్టుండి దిగుడు గొట్టం గొంతు విప్పింది. ఆరిళ్ల నీళ్లూ ఒక్కసారిగా దాంట్లోకి దూకి, కింద జాలీ దగ్గర నల్లగా కక్కాయి. లొరేన్ మోటార్లు ఆపి, కెమెరాను తొమ్మిదో నంబరు మీదికి జరిపింది. మడుగు తగ్గుతోంది. కాసేపటికి నెర్రె నీటికి పైకి తేలింది.

ఆఫీసరు తస్నీమ్ గుమ్మంలోకి జరిగి, ఫారం తీసి రాసింది. రాసింది పైకి చదివి వినిపించింది కూడా: చెమ్మ బయటి నీటి వల్ల వచ్చింది; అద్దెకున్నవారి జీవన విధానంతో సంబంధం లేదు; గోడ, కాలువ అతుకు బాగుచేయించాల్సింది ఇంటి యజమాని. నకలు ఒకటి తస్నీమ్‌కి ఇచ్చింది. తస్నీమ్ దాన్ని రెండుసార్లు చదివి, తడవకుండా చున్నీ కింద పెట్టుకుంది.

గ్యావిన్ కారు అద్దం సగం దించాడు.

"ఆ నలభై రెండిళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదనుకుంటాను," అన్నాడు.

"అక్కర్లేదు," అంది లొరేన్.

ఆమెకు ఏడుపు రాలేదు. మొగుడికి ఎలా చెప్పాలి, సోమవారం ఏ వీధిలో కరపత్రాలు పంచాలి అన్న లెక్క అప్పుడే మొదలైంది. ఒక సంగతి మాత్రం వంగి గొట్టాలు విప్పుతూనే తేల్చేసుకుంది. ఇకమీదట వరసలో ఒక్క ఇంటిని చెయ్యదు. చేస్తే చూరు మొత్తం, లేదంటే లేదు. ఎవరూ ఒప్పుకోరని క్లైవ్ అంటాడు. అననీ.

ఆఫీసరు వెళ్లిపోయింది. బారక్లఫ్ తన గుమ్మంలో నిలబడే ఉన్నాడు, మేజోళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తస్నీమ్ తన గుమ్మంలో. ఇద్దరి మధ్యా మూరెడు గోడ.

"రాత్రిళ్లు మీ పాప దగ్గు వినిపించేది," అన్నాడాయన, రోడ్డు వంక చూస్తూ. "ఈ గోడలు మరీ పల్చన."

"మాకూ వినిపించేదండీ," అంది తస్నీమ్ మెల్లగా. "పాప దగ్గడం మొదలెట్టగానే మీరు రేడియో పెంచడం."

ఆమె వంక తిరగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. తిరిగాడు.

"అవును," అన్నాడు. "పెంచేవాణ్ని."

తస్నీమ్ తలూపింది. పరవాలేదండీ అనలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి మేడ మీద కుట్టుమిషను మొదలైంది.

లొరేన్ తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఏడో నంబరు తలుపు తట్టింది.